ఒకే పట్టాలపై మూడు కుంఫిణీలు

రైలు ఎక్కదలచినవాడు ఏ ఊరికి, ఏ వేళకు, ఏ తరగతిలో అని విచారించుట మనకు పరిపాటి. ఏ కంపెనీ బండిలో అని విచారించుట మన అనుభవములో లేదు. కాని ఐరోపాలో ఉద్యోగములు చేయుచున్న బిడ్డలను చూడబోవు అనంతపురము, హిందూపురము, ధర్మవరము పెద్దలకు మాడ్రిడ్‌లోనో మిలన్‌లోనో దిగినంతనే ఈ ప్రశ్న ఎదురగుచున్నది. అక్కడ ఒకే ఊరినుండి ఒకే ఊరికి, ఒకే పట్టాలమీద, గంటకు 300 కిలోమీటర్ల వేగముతో రెండు మూడు కంపెనీల బండ్లు పోవుచున్నవి. ఒకే దినమున ఒక బండిలోని ధరకు మరియొక బండిలో మూడింతలు ఉండవచ్చును. ఏది మేలు? ఇది ప్రయాణికుని సంచికి మాత్రమే సంబంధించిన ప్రశ్న యని తలచుట తగదు. పోటీ ఎవరి నేలమీద, ఎవరి నియమములక్రింద, ఎవరి ధనముతో జరుగుచున్నదను విచారము దానిలో ఇమిడియున్నది. హైదరాబాదు, బెంగుళూరుల నడుమ అతివేగ రైలుమార్గమును గూర్చిన ఆలోచనలు వినవచ్చుచున్న ఈ కాలమున అది మన ఇంటి విచారము కూడ అయినది.

రైలు కుంఫిణీలు మన సీమకు క్రొత్తవి కావు. 1871లో మద్రాసు రైల్వే కంపెనీవారి మార్గము గుత్తి, గుంతకల్లుల మీదుగ సాగి రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసెను. లండనులో వాటాలు కొన్నవారికి నూటికి ఐదు వడ్డీ ముట్టునట్లు సర్కారు పూచీ పడినది. బండి నడిచినను నడువకున్నను వడ్డీ ముట్టెడిది. లోటు మన శిస్తునుండి పూడెడిది. 1876–78 నాటి ధాతు కరవులో జనులు లక్షలకొలదిగ నశించిన తరువాత, కరవు నివారణ మార్గముల పేరిట 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడినది. దాని మీటరు గేజి పట్టాలు గుంతకల్లువద్ద మద్రాసు కంపెనీవారి బ్రాడ్ గేజి పట్టాలను కలిసినవి. ధర్మవరమునుండి పాకాలవైపు దక్షిణ భారత రైల్వే సాగినది. మూడు కుంఫిణీలు మన జిల్లాలో నుండెనుగాని ప్రయాణికునికి ఎంపిక మాత్రము లేదు. ఎవరి తావు వారిది, ఎవరి గుత్త వారిది. గుంతకల్లులో ధాన్యపు బస్తా ఒక బండినుండి దిగి మరియొక బండి ఎక్కవలసివచ్చినపుడు కూలి, కాలము రెండును మన నెత్తినే పడెడివి. 1908లో మద్రాసు, సదరన్ మరాఠా కంపెనీలు ఏకమైనవి. 1944లో సర్కారు వానిని స్వాధీనము చేసికొనెను. కంపెనీలు పెక్కయినంత మాత్రమున పోటీ కలుగదని మన తాతలు స్వానుభవముచే నెరిగిరి.

ఐరోపావారు నేడు చేయుచున్న పని దీనికి భిన్నమైనది. 1991లో ఐరోపా సమాజము ఒక శాసనమును చేసి, పట్టాల లెక్క వేరుగను బండ్ల లెక్క వేరుగను ఉండవలెనని విధించెను. పట్టాలు రాజమార్గము వంటివి. వానికి ఒక యజమాని యుండును. అర్హత గల ఏ కంపెనీయైనను సుంకము చెల్లించి ఆ మార్గముపై బండి నడుపవచ్చును. రహదారి ప్రభుత్వముది, బస్సు ఎవరిదైనను కావచ్చునన్నట్టిదే ఈ పద్ధతి. 2016 నాటి మరియొక శాసనముచే దేశాంతర్గత ప్రయాణికుల బండ్లకును 2020 డిసెంబరునుండి ఈ తలుపు తెరవబడినది. కాని తలుపు తెరచుట వేరు, లోనికి రానిచ్చుట వేరు. ఇటలీ చరిత్ర దీనికి నిదర్శనము.

ఇటలీలో ఇటాలో అను పేరుగల ప్రైవేటు బండి 2012 ఏప్రిల్ 28న నడువ నారంభించెను. అంతవరకు అతివేగ మార్గము ప్రభుత్వ కంపెనీయగు ట్రెనిటాలియాది. పట్టాల యజమానియు ఆ ప్రభుత్వ సంస్థాకుటుంబములోనిదే. తొలినాళ్లలో క్రొత్త కంపెనీకి రోములోని ప్రధాన స్టేషనగు తెర్మిని లభింపక ఒస్తియెన్సే, తిబుర్తీనా స్టేషన్లతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. ఒస్తియెన్సేలో ఆ కంపెనీ విశ్రాంతిశాలకును ప్లాటుఫారమునకును నడుమ ఒక ఇనుప కంచె నిలిచెను. బండి కంటికి కనబడుచుండగా ప్రయాణికుడు చుట్టు తిరిగిపోవలసి వచ్చెను. ఆ కంచెను గూర్చి ఆ దేశపు పత్రికలు ఎంతో వ్రాసినవి. కంపెనీ అప్పులలో మునిగి మూతబడునేమో యను స్థితికి వచ్చెను. 2013–14లో స్వతంత్రమైన రవాణా నియంత్రణ సంస్థ పనిలో ప్రవేశించి పట్టాల సుంకమును తగ్గించిన పిమ్మట స్థితి మారెను. 2018లో ఒక అమెరికా పెట్టుబడి సంస్థ సుమారు 200 కోట్ల యూరోలకు ఇటాలోను కొన్నది. ఈ మధ్యకాలమున టికెట్ల ధరలు తగ్గెను, బండ్లు పెరిగెను. రోము, మిలన్‌ల నడుమ విమానమెక్కువారు పెక్కురు రైలునకు మరలిరి. ట్రెనిటాలియాయు పోటీచే నశింపలేదు, పదునెక్కినది. పోటీ ఫలించుటకు క్రొత్త కంపెనీ సాహసము చాలలేదు. కంచెను ప్రశ్నించగల తీర్పరి కావలసివచ్చెను.

స్పెయిన్ మన జిల్లావారికి అపరిచితదేశము కాదు. బార్సెలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురమునకు వచ్చి, 2009లో మరణించువరకు ఈ కరవునేలనే తన నేలగ చేసికొనెను. ఆయన స్థాపించిన సంస్థను చూచుటకు ఆ దేశస్థులు మన పల్లెలకు వచ్చుచునే యున్నారు. మాడ్రిడ్, బార్సెలోనాల నడుమ 621 కిలోమీటర్ల అతివేగ మార్గము 2008 ఫిబ్రవరిలో పూర్తియైనది. పదుమూడేండ్లు దానిపై ప్రభుత్వ కంపెనీయగు రెన్‌ఫే ఒక్కటే బండ్లు నడిపెను. పట్టాల యజమానియగు అడిఫ్ సంస్థ 2019లో మార్గపు వేళలను మూడు భాగములుగ పంచెను. 2021 మే 10న ఉయ్‌గో, 2022 నవంబరు 25న ఇర్యో రంగములోనికి దిగెను. రెన్‌ఫే తానుగ 2021 జూనులో అవ్లో అను చవుక బండిని ఆ మార్గముపై నడిపి ఎదురునిలిచెను. ఉయ్‌గో తన టికెట్టు ధరను 9 యూరోలనుండి ఆరంభించెను.

ఈ పోటీదారు లెవరో గమనింపవలెను. ఉయ్‌గో ఫ్రాన్సు ప్రభుత్వ రైల్వేవారిది. ఇర్యోలో ఇటలీ ప్రభుత్వపు ట్రెనిటాలియా భాగస్వామి. ప్రైవేటు పోటీ యను జెండాక్రింద స్పెయిన్ నేలపై తలపడినవి చాలవరకు మూడు దేశముల సర్కారు కంపెనీలే! క్రొత్తగ వచ్చిన రెండును తొలియేండ్లలో నష్టములలోనే నడచినవి. ఖర్చుకంటె తక్కువ ధరకు టికెట్లమ్మి మార్కెట్టును చెరచుచున్నారని స్పెయిన్ రవాణామంత్రి ఆస్కార్ పుయెంతే 2024లో ఉయ్‌గోపై బహిరంగముగ నింద మోపెను. మరియొకవంక, రెన్‌ఫే 2023లో లియోన్, మార్సెయిల్ నగరములవరకు ఫ్రాన్సులో ప్రవేశించెనుగాని, 2024 ఒలింపిక్కుల నాటికి పారిస్ చేరవలెనన్న సంకల్పము నెరవేరలేదు. తన ఇంట కంచె వేసి పొరుగింట స్వేచ్ఛావాణిజ్యము బోధించుట మనకు తెలియని విద్య కాదు. మగ్గపు బట్టకు సుంకము, మాంచెస్టరు బట్టకు స్వేచ్ఛ యను న్యాయమును మన పూర్వులు చూచియున్నారు. నేటి స్పెయిన్ పరాధీన కాదు. ఆ భేదము గొప్పది. అయినను ఇచ్చిపుచ్చుకొనుటలో సమత్వము లేని స్వేచ్ఛ ఎంతకాలము స్వేచ్ఛగ నిలుచునని అచ్చటివారు అడుగుటలో తప్పులేదు.

ఇక ప్రయాణికుడు ఏమి చేయవలెను? చవుకధర నిలుచునంతకాలము దానిని అనుభవించుటలో దోషము లేదు. కాని ధరను చదువుటకు నేర్పు కావలెను. వేరుశనగ పండించు రైతునకు ఈ నేర్పు కొంత యున్నదనియే మా నమ్మకము. మండీలో పలికిన ధర వేరు, తరుగు, కమీషను, హమాలీ పోగా చేతికి వచ్చునది వేరు. రైలు టికెట్టులో ఈ లెక్క తలక్రిందులగును: కనబడు ధర తక్కువ, చేతినుండి పోవునది ఎక్కువ. చవుక కంపెనీల మూలధరలో చిన్నసంచికి మాత్రమే చోటు. కోరిన సీటునకు వేరు రుసుము, పెద్ద పెట్టెకు వేరు రుసుము. బిడ్డలకని ఆవకాయ జాడీలు, వేరుశనగ పొడి, నెల దినముల బట్టలు నింపిన రెండు పెట్టెలతో విమానము దిగిన దంపతులకు, రుసుములన్నియు కలిపిన పిదప చవుక బండి చవుకగ నిలుచునో లేదో ముందే కూడి చూచుకొనుట మంచిది.

ధరకూడ నిలుకడ గలది కాదు. మన రిజర్వేషను వలె ఇంత దూరమునకు ఇంత యను పట్టిక అచ్చట లేదు. సీట్లు నిండినకొలది, దినము సమీపించినకొలది వెల పెరుగును. నెల ముందు కొన్నవానికి దక్కిన ధర ప్రయాణదినమున కొన్నవానికి దక్కదు. తిథి నిశ్చయమైనవాడు ముందుగ కొనుట లాభము. కాని అతి చవుక టికెట్టును మార్చుటకు వీలుండదు, లేదా మార్చుటకు మరల చెల్లింపవలెను. విమానము ఆలస్యమగునేమో యను సందేహమున్నవాడు, వృద్ధులను వెంటగొని పోవువాడు నాలుగు యూరోలెక్కువైనను మార్పునకు వీలున్న టికెట్టునే కొనవలెను. ఒక బండి తప్పినచో తరువాతి బండి ఎప్పుడని కూడ చూడవలెను. దినమునకు పెక్కు బండ్లు నడుపు పాత కంపెనీకిని, కొలదిబండ్లతో నెట్టుకొనివచ్చు క్రొత్త కంపెనీకిని ఇక్కడనే తారతమ్యము తెలియును.

ఆలస్యమునకు పరిహారమును గూర్చి మనవారు తెలిసికొనవలసినది మరింత గలదు. ఐరోపా శాసనము ప్రకారము, బండి గంటకు మించి ఆలస్యమైన టికెట్టు వెలలో నాలుగవవంతును, రెండు గంటలు మించిన సగమును ప్రయాణికునికి తిరిగి ఈయవలెను. ఇది ఏ కంపెనీకైనను తప్పని కనీస ధర్మము. దానికి పైన కంపెనీలు తమంతతాముగ చేయు వాగ్దానములు మారుచుండును. 15 నిమిషములకు సగము, 30 నిమిషములకు పూర్తి వెల తిరిగి ఇత్తుమని చిరకాలము చాటిన రెన్‌ఫే 2024 జూలైలో ఆ గడువులను 60, 90 నిమిషములకు పెంచెను. పోటీ వచ్చినపుడు వెల తగ్గును. దానితోపాటు మాటయు తగ్గవచ్చును. మరియొక చిక్కు గలదు. ఒక కంపెనీ బండి దిగి మరియొక కంపెనీ బండి ఎక్కువాడు రెండు టికెట్లు వేరువేరుగ కొన్నచో, మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోయిన ఏ కంపెనీయు బాధ్యత వహింపకపోవచ్చును. ప్రయాణమంతటికి ఒకే టికెట్టు దొరకినపుడు దానినే తీసికొనవలెను. దొరకనిచో నడుమ ధారాళముగ వ్యవధి యుంచుకొనవలెను. పట్టాలు ఒక్కటే యైనను టికెట్లు ఒక్కటి కావు. ఇదియే ఈ పద్ధతిలోని పెద్ద లోపము.

మిగిలిన జాగ్రత్తలు చిన్నవి, కాని విడువదగినవి కావు. మాడ్రిడ్‌లో అటోచా, చమార్తిన్ అను రెండు పెద్ద స్టేషన్లు గలవు. బండి ఏ స్టేషనునుండి బయలుదేరునో టికెట్టుపై చదువకయే పోయినవాడు నగరమంత అడ్డముగ పరుగెత్తవలసివచ్చును. స్పెయిన్‌లో అతివేగ బండ్ల ప్రయాణికుల సామాను యంత్రముచే పరీక్షింతురు. బండి కదలుటకు ముందే ద్వారము మూయుదురు. గుంతకల్లులోవలె కదలుచున్న బండిని పట్టుకొనుట అచ్చట కుదరదు. టికెట్టుపై పేరు పాసుపోర్టులో నున్నట్లే యుండవలెను. ఇంటిపేరు ముందు వ్రాయుట, పొడి అక్షరములతో సరిపెట్టుట మన అలవాటు. అచ్చటి ఉద్యోగికి ఆ అక్షరము ఇంటిపేరని తెలియదు. అన్ని కంపెనీలలో చెల్లునని తలచి పాసు కొనువారు, తామెక్కదలచిన కంపెనీ దానిని అంగీకరించునో లేదో ముందుగ విచారింపవలెను.

ఎంపిక యనునది ఎల్లప్పుడు వెలనుబట్టియే యుండదు. పెనుకొండ దాపున కియా కర్మాగారము 2019లో ఉత్పత్తి నారంభించిన నాటినుండి కొరియాకు మన జిల్లాకు రాకపోకలు కలిగినవి. ఆ దేశమున కేటీఎక్స్ బండ్లకు పోటీగ 2016 డిసెంబరు 9న ఎస్ఆర్‌టీ బండ్లు బయలుదేరెను. ధర సుమారు పదియవవంతు తక్కువ. కాని అవి సియోల్ నగరపు ఆగ్నేయదిశనున్న సుసో స్టేషనునుండి పోయెడివి. కేటీఎక్స్ నగరమధ్యమునుండి పోయెడిది. ప్రయాణికుడు కంపెనీని కాక తన యింటికి దగ్గరగనున్న స్టేషనును ఎంచుకొనెడివాడు. రెండును ప్రభుత్వసంబంధమైన సంస్థలే. ఇది పోటీయా, వృథావ్యయమా యని వాదించి, రెంటిని మరల కలుపవలెనను ప్రయత్నము 2025లో ప్రభుత్వమువరకు వచ్చినది. ఇటలీలో విజయమైనది కొరియాలో వివాదమైనదనగా, పోటీ సర్వరోగనివారిణి కాదని తేలుచున్నది.

ఈ లెక్కలలో చేరని వారొకరు గలరు. మన కరవుసీమ వారు వారిని ముందుగ తలపవలెను. మాడ్రిడ్, బార్సెలోనాల నడుమ అరగాన్ పీఠభూమి యున్నది. అదియు వానలు తక్కువైన నేలయే. అందు కలతాయూద్ అను చిన్నపట్టణము ఆ అతివేగ మార్గముపైననే యున్నది. మూడు కంపెనీల పోటీ మహానగరముల వారికి దక్కినది. కలతాయూద్ వారికి నిలిచినవి రెన్‌ఫే బండ్లే. క్రొత్త కంపెనీలు అచ్చట ఆగలేదు. రెండు రాజధానుల నడుమ పరుగెత్తు బండి నడిమి ఊరివానికి దుమ్ము మాత్రము మిగుల్చును. చిన్న ఊళ్లలో ఆగుట నష్టము. ఆ నష్టమును పాత ప్రభుత్వ కంపెనీ భరించుచుండగా లాభపు మార్గములలో దానిని ఇతరులు కోయుచున్నచో, కొంతకాలమునకు చిన్న ఊరి బండియే రద్దు కావచ్చును. పోటీకి తలుపు తెరచునపుడే నడిమి ఊళ్లలో ఆగవలెనను షరతును వ్రాసికొనకున్న పిమ్మట ఎవరిని అడుగవలెను?

బ్రిటనువారు మరియొక విధమైన పాఠము నేర్పిరి. 1990 తరువాతి దశకములో వారు బండ్లనే కాక పట్టాలనుకూడ వాటాదారుల చేతికిచ్చిరి. 2000 అక్టోబరులో హాట్‌ఫీల్డువద్ద పగిలిన పట్టాపై బండి పడి నలుగురు మరణించిరి. పట్టాల కంపెనీయగు రైల్‌ట్రాక్ 2001లో దివాలా స్థితికి వచ్చెను. 2002లో పట్టాలు లాభాపేక్షలేని సంస్థ చేతికి వచ్చెను. బండి ఎవరిదైనను కావచ్చును, పట్టా మాత్రము ప్రజలది కావలెనను నియమమునకు ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యము అవసరము లేదు.

మన దేశమున పట్టాలు, బండ్లు, కాలపట్టిక, తీర్పు నాలుగును ఒక్కచోటనే యున్నవి. 2019 అక్టోబరులో లక్నో, ఢిల్లీల నడుమ తేజస్ బండిని రైల్వేల అనుబంధసంస్థకే ఒప్పగించి, గంటకు మించిన ఆలస్యమునకు 100 రూపాయలు, రెండు గంటలకు మించిన 250 రూపాయలు పరిహారమిత్తుమనిరి. మంచి మాటయే, కాని అది కొలది బండ్లకే పరిమితమయ్యెను. 2020 జూలైలో 109 మార్గములపై 151 ప్రైవేటు బండ్లకు పిలుపునిచ్చిరి. 2021లో టెండర్లు తెరువగా 12 సమూహములలో పెక్కింటికి వేయువారే లేకపోయిరి. ఆ ప్రయత్నము ఆగిపోయెను. కారణము గూఢము కాదు. తనతో పోటీచేయువాని వేళను, సుంకమును, వివాదమును తానే తీర్చు సంస్థ ఇంటికి పెట్టుబడి పట్టుకొని ఎవడు పోవును? రైలు వ్యవహారములకు ఒక ప్రాధికారసంస్థను 2017లోనే కేంద్రమంత్రివర్గము అంగీకరించియుండినను, ఆ టెండర్ల నాటికి అది పనిలోనికి రాలేదు. ఒస్తియెన్సేలోని ఇనుపకంచె మనకు కాగితములపై నున్నది.

2023 సెప్టెంబరులో కాచిగూడ, యశ్వంతపురముల నడుమ వందే భారత్ బండి నడచుట ఆరంభమై అనంతపురములో ఆగినపుడు జనులు సంతోషించిరి. సంతోషింపదగినదే. కాని ఆ బండిలో జనరల్ పెట్టె లేదు. వానలు తప్పిన ఏట మూట నెత్తినబెట్టుకొని బెంగుళూరు కూలికి పోవు కుటుంబమునకు అందులో చోటు లేదు. మూడవ తరగతి ప్రయాణికుల బాధలను గాంధీమహాత్ముడు 1917లో వ్రాసెను. తరగతి పేరు మారినది. కిటికీలో కాలుపెట్టి లోనికి దూరుట మారలేదు. రేపు మన ఎర్రనేలలమీదుగ అతివేగ మార్గము వచ్చునట్లైన, భూమి నిచ్చునది ఈ పత్రిక చదువు రైతులే. అప్పుడు ఎకరా వెలనుగూర్చి మాత్రము బేరమాడి ఊరకుండుట చాలదు. పట్టాలు ఎవరివి? తీర్పరి ఎవరు? అనంతపురములో బండి ఆగునా? ఆగినచో ఎవరు ఎక్కగల ధరకు? ఈ నాలుగు ప్రశ్నలకు వ్రాతమూలకమైన జవాబు అడుగవలెను.

విదేశములో ప్రయాణికుడు మూడు బండ్లలో ఒకదానిని ఎంచుకొనును. అది అతని హక్కు, దానిని తెలివితో వినియోగించుకొనుగాక. స్వదేశములో ఆ ఎంపిక ఉండవలెనా, ఉండిన ఎట్టిదై యుండవలెనో నిర్ణయించుకొనవలసినవాడు పౌరుడు. టికెట్టు కొనునపుడు ఎంత జాగ్రత్తగ లెక్కింతుమో, భూమి నిచ్చునపుడు అంతకు పదింతలు జాగ్రత్తగ లెక్కింపవలెను.